నాపరాళ్ల ఫ్యాక్టరీకి వెబ్‌సైట్ పెట్టాలి: డొమైన్ ఎవరి పేరు మీద తీసుకోవాలి, హోస్టింగ్ ఎంత కావాలి?

ఎర్రగుంట్ల బండలు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. నాన్న ఇరవై ఏళ్లుగా నడుపుతున్నారు. రెండేళ్ల నుంచి లెక్కలు, ఫోన్లు నేను చూసుకుంటున్నాను. బెంగళూరు, చెన్నై, పుణె నుంచి ఆర్డర్లు వస్తాయి. ఇప్పటిదాకా అంతా వాట్సాప్‌లోనే. బండల ఫొటోలు పంపడం, అడుగు రేటు చెప్పడం, లోడు మాట్లాడుకోవడం. పోయిన వారం కొచ్చి నుంచి ఒక బిల్డర్ ఫోన్ చేసి, "మీ వెబ్‌సైట్ లింక్ పంపండి, మా ఆర్కిటెక్ట్‌కు చూపించాలి" అన్నాడు. లేదన్నాను. మళ్లీ ఆయన ఫోన్ రాలేదు. అప్పటి నుంచి నాన్నకు ఇది మనసులో పడింది.

కడపలో వెబ్‌సైట్లు చేసే ఒకతన్ని కలిశాం. మొత్తం 38,000 అన్నాడు. అందులో డొమైన్, హోస్టింగ్, ఎస్ఎస్ఎల్, ఐదు మెయిల్ ఐడీలు, డిజైన్ అన్నీ ఉన్నాయట. స్పేస్ అన్‌లిమిటెడ్ అట. రెండో ఏడాది నుంచి రెన్యువల్‌కు 18,000. "మీరేమీ పట్టించుకోనక్కర్లేదు, అంతా నేనే చూసుకుంటా" అన్నాడు. శుక్రవారం అడ్వాన్సు ఇవ్వాలి.

నాకు ఈ మాటలు విడివిడిగా విన్నట్టే ఉన్నాయి గానీ, ఏది ఏమిటో స్పష్టంగా తెలియదు. నాన్న అడిగిన ప్రశ్నలు రెండు. పేరు ఒకసారి కొంటే శాశ్వతంగా మనదేనా? రెండో ఏడాది 18,000 దేనికి? రెండింటికీ నేను జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు సర్వర్
సోమవారం, రాత్రి 10:25

నేను పదకొండేళ్లుగా హోస్టింగ్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను. మొదట నాన్నగారి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే అసలు ప్రశ్న అదే. పేరు శాశ్వతంగా మనది కాదు. డొమైన్‌ను, అంటే సైట్ అడ్రస్‌గా టైప్ చేసే పేరును, ఎవరూ పూర్తిగా కొనరు. ఏడాదికోసారి డబ్బు కట్టి మన పేరు మీద ఉంచుకుంటాం. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టుకోవచ్చు. గడువు లోపల కడుతూ పోయినంతకాలం వేరేవాళ్లు తీసుకోలేరు.

దీన్ని మీ ఫోన్‌తో పోల్చి చూడండి. డొమైన్ అంటే మీ నంబరు. హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లు ఉంచడానికి ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్‌లో (సర్వర్) తీసుకునే చోటు, చేతిలో ఉన్న ఫోన్. ఫోన్ పాతబడితే మార్చేస్తారు, నంబరు అదే ఉంటుంది. కంపెనీ నచ్చకపోతే నంబరు పోర్ట్ చేసుకుంటారు. కానీ ఆ సిమ్ వేరేవాడి ఆధార్ మీద ఉంటే? ఏ పనికైనా వాడి దగ్గరికే పోవాలి. వెబ్‌సైట్ విషయంలోనూ అంతే. డిజైన్ నచ్చకపోతే మళ్లీ చేయించుకోవచ్చు. హోస్టింగ్ బాగాలేకపోతే నెలలో మార్చేయవచ్చు. డొమైన్ చేజారితే మాత్రం చేయగలిగింది చాలా తక్కువ.

అందుకే అతన్ని ఒక్క ప్రశ్న అడగండి: డొమైన్ ఎవరి అకౌంట్‌లో, ఎవరి పేరు మీద, ఏ మెయిల్ ఐడీతో తీసుకుంటావు? "అంతా నేనే చూసుకుంటా" అనేది దానికి జవాబు కాదు.

ధర్మవరం మగ్గం
సోమవారం, రాత్రి 11:05

సర్వర్ తమ్ముడు చెప్పింది మాకు జరిగింది. చెల్లీ, శుక్రవారం అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు.

మేము పట్టుచీరలు నేయిస్తాం. ఆరేళ్ల కిందట తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు వెబ్‌సైట్ చేసి ఇచ్చాడు. బాగా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. తీసుకున్నదీ తక్కువే. డొమైన్ తన అకౌంట్‌లో, తన మెయిల్‌తో కొన్నాడు. మాకు తెలియదు, మేము అడగలేదు. చీరల డబ్బాల మీద, విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద ఆ పేరే వేయించాం. నాలుగు వేల డబ్బాలు.

మూడో ఏడాది అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నంబరు మార్చాడు. రెన్యువల్ చేయమని కంపెనీ పంపిన మెయిళ్లన్నీ అతని పాత ఐడీకే పోయాయి. ఒక రోజు ముంబై నుంచి ఒకామె ఫోన్ చేసి "మీ సైట్ రావడం లేదు" అంది. నెట్ బాగాలేదేమో అనుకున్నాం. అతన్ని వెతికి పట్టుకునేసరికి నెల దాటింది. అతను కూడా అయ్యో అన్నాడు, కానీ పాత మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోయానన్నాడు. మరో నెల చూసేసరికి ఆ పేరు ఇంకెవరో తీసుకున్నారు. తెరిస్తే ఏదో విదేశీ ప్రకటనల పేజీ. మా చీరల డబ్బాల మీద ఉన్న పేరు!

డాట్ ఇన్‌లో కొత్తది తీసుకున్నాం. ఇంట్లో అందరం కూర్చుని ప్రతి డబ్బా మీద స్టిక్కర్ అంటించాం. పాత కస్టమర్లలో ఎందరు మమ్మల్ని వెతికి దొరకక వదిలేశారో తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ అబ్బాయి మోసం చేయలేదమ్మా. మంచివాడైనా సరే, పేరు మాత్రం మన చేతిలో ఉండాలి.

ఎర్రగుంట్ల బండలు
మంగళవారం, ఉదయం 7:15

అక్కా, మీ పోస్ట్ రాత్రి నాన్నకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ముందు ఆ పేరు సంగతి చూడు" అన్నారు.

సర్వర్ అన్నా, గడువు అయిపోయిన రోజే పేరు పోతుందా? అక్క వాళ్లకు రెండు నెలలు పట్టింది కదా, మధ్యలో ఏం జరుగుతుంది? అసలు ఒక డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఎలా తెలుస్తుంది?

కర్నూలు సర్వర్
మంగళవారం, ఉదయం 8:50

మంచి ప్రశ్న. డాట్ కామ్‌కు ఇలా ఉంటుంది. గడువు దాటగానే సైట్, మెయిల్ ఆగిపోతాయి, కానీ పేరు వెంటనే పోదు. మీరు కొన్న కంపెనీని బట్టి 45 రోజుల దాకా మామూలు రేటుకే రెన్యువల్ చేసుకునే వీలుంటుంది. కొన్ని కంపెనీలు అంత సమయం ఇవ్వవు, కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ దశ. అప్పుడు కూడా పాత యజమానే వెనక్కి తీసుకోవచ్చు, కానీ మామూలు రేటుకు ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే 5 రోజులు ఎవరూ ముట్టుకోలేని దశ. ఆరో రోజు ఎవరు ముందు వస్తే వాళ్లది. మంచి పేర్ల కోసం ఆ నిమిషానికి కాపు కాసే కంపెనీలు ఉన్నాయి. ధర్మవరం అక్క వాళ్ల పేరు అలాగే పోయి ఉంటుంది.

ఎవరి పేరు మీద ఉందో చూడాలంటే హూయిజ్ అనే వెతుకులాట ఉంది. కొన్న తేదీ, గడువు తేదీ, ఏ కంపెనీ ద్వారా కొన్నారు అనేవి కనిపిస్తాయి. యజమాని పేరు, ఫోన్ ఇప్పుడు చాలావరకు దాచేస్తారు. కాబట్టి గట్టి రుజువు ఒక్కటే: అకౌంట్‌లోకి లాగిన్ మీరు అవగలగాలి, అందులో రిజిస్ట్రెంట్ (యజమాని) అనే చోట మీ ఫ్యాక్టరీ పేరు ఉండాలి, మెయిల్ మీది అయ్యుండాలి.

ఆ మెయిల్ విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటి చెప్పాలి. కొత్త డొమైన్ వచ్చింది కదా అని, ఆ డొమైన్ మీద పెట్టిన మెయిల్‌నే ఆ అకౌంట్‌కు ఇస్తారు. డొమైన్ ఆగితే ఆ మెయిల్ కూడా ఆగుతుంది. రెన్యువల్ హెచ్చరిక రాదు, పాస్‌వర్డ్ మార్చుకోవడానికి లింక్ కూడా రాదు. బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టు. మీ మామూలు జీమెయిలో, నాన్నగారిదో ఇవ్వండి. ఫోన్ ఓటీపీతో రెండంచెల లాగిన్ పెట్టుకోండి.

ఏడురోడ్ల బొటిక్
మంగళవారం, ఉదయం 10:30

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, తప్పుగా అనుకోవద్దు. నాకు కడపలో బొటిక్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బిజినెస్ మీదే నాలుగేళ్లుగా నడుస్తోంది. వెబ్‌సైట్‌కు ఒక్క రూపాయి పెట్టలేదు. కస్టమర్లు రీల్ చూసి మెసేజ్ చేస్తారు. 38,000తో బండలకు మంచి ఫొటోలు, వీడియోలు తీయించుకుంటే లాభం కాదా?

ప్రొద్దుటూరు పద్దులు
మంగళవారం, ఉదయం 11:10

మీ వ్యాపారానికి అది సరిపోతుందమ్మా, ఒప్పుకుంటాను. బ్లౌజ్ కొనేవాళ్లు ఇన్‌స్టాలోనే ఉంటారు. బండలు కొనే బిల్డరు, ఆర్కిటెక్టు గూగుల్‌లో వెతుకుతారు, మందం, సైజు, ఫినిష్ వివరాలు ఒక పేజీలో కావాలంటారు. ఇంకో సంగతి. మా క్లయింట్లలో కొందరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే చిన్న వెబ్‌సైట్‌నే వాడుకునేవాళ్లు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నీ ఆపేసింది. కార్డుల మీద ఆ లింక్ అచ్చు వేయించినవాళ్లు ఇబ్బంది పడ్డారు. మనది కాని స్థలంలో ఇల్లు కట్టుకుంటే ఖాళీ చేయమన్న రోజు లేచిపోవాలి.

మ్యాప్‌లో ఫ్యాక్టరీ కనిపించే ప్రొఫైల్ మాత్రం ఇప్పటికీ ఉచితమే. అది తప్పకుండా పెట్టుకోండి.

ఇక లెక్కల మాట. 38,000 అని ఒకే అంకె చెబితే ఒప్పుకోవద్దు. దేనికెంతో విడగొట్టి రాసివ్వమనండి. పైన 18 శాతం జీఎస్టీ కలుస్తుందో, అందులోనే ఉందో కూడా అడగండి. డొమైన్, హోస్టింగ్ బిల్లు మీ ఫ్యాక్టరీ జీఎస్టీ నంబరు మీద వస్తే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే అందులో కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చు. ఆయన తన పేరు మీద కొని మీకు చేతి రాత రసీదు ఇస్తే ఆ డబ్బు పోయినట్టే. పైగా మీ పేరు మీద ఉన్న ఇన్‌వాయిస్, రేపు డొమైన్ మీద తగాదా వస్తే మీ చేతిలో కాగితం.

ఎర్రగుంట్ల బండలు
మంగళవారం, మధ్యాహ్నం 3:45

సార్, మీరు చెప్పినట్టే ఫోన్ చేసి అడిగాను. మొదట కొంచెం విసుక్కున్నాడు గానీ పంపించాడు. డొమైన్ 3,000, హోస్టింగ్ 8,000, ఎస్ఎస్ఎల్ 4,000, మెయిల్ 5,000, డిజైన్ 18,000. జీఎస్టీ బిల్లు కావాలంటే అదనం అట.

కర్నూలు సర్వర్
మంగళవారం, సాయంత్రం 4:30

డిజైన్ 18,000 ఆయన కష్టం. పని చూసి నచ్చితే ఇవ్వండి, దాన్ని బేరమాడమని నేను చెప్పను. మిగతావి చూద్దాం.

డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ ఉంటుంది. మొదటి ఏడాది 99, 199 అని ప్రకటనలు కనిపిస్తాయి. వాటిని చూసి కొనవద్దు, రెండో ఏడాది రేటు ఎంత అని చూసి కొనండి.

ఎస్ఎస్ఎల్ అంటే కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ ముందు తాళం గుర్తు వచ్చేలా చేసే సర్టిఫికెట్. సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య పోయే సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. అది ఉండాల్సిందే. లేకపోతే 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ "సురక్షితం కాదు" అని చూపిస్తోంది. అయితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది. మంచి హోస్టింగ్ కంపెనీలన్నీ దాన్నే ప్యానెల్‌లో ఒక బటన్‌గా పెట్టాయి. గడువు తక్కువే గానీ దానంతటదే రెన్యువల్ అవుతుంది. మీ కేటలాగ్ సైట్‌కు అది చాలు, 4,000 కట్టనక్కర్లేదు.

హోస్టింగ్ కొంచెం వివరంగా చెప్పాలి. ఎన్ని ఫొటోలు పెడతారు?

ఎర్రగుంట్ల బండలు
మంగళవారం, సాయంత్రం 4:50

నలుపు, బూడిద రంగు, ఆకుపచ్చ కలిసినవి. పాలిష్, లెదర్ ఫినిష్, మామూలు కటింగ్. అన్నీ కలిపి 120 ఫొటోలు ఉంటాయి. కొత్త లోడు పాలిష్ అయినప్పుడల్లా నేనే ఫొటోలు మార్చగలగాలి.

కర్నూలు సర్వర్
మంగళవారం, సాయంత్రం 5:40

సరే, లెక్క వేద్దాం. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 120కి 480 ఎంబీ. అలాగే ఎక్కిస్తే సైట్ తెరుచుకోవడానికి ప్రాణం పోతుంది. సైజు తగ్గించి 200 కేబీ చేస్తే మొత్తం 24 ఎంబీ. స్క్రీన్ మీద తేడా కనిపించదు. అంటే మీకు కావాల్సిన స్థలం, సాఫ్ట్‌వేర్‌తో కలిపినా ఒకటి రెండు జీబీ.

ఇప్పుడు రాకపోకలు. రోజుకు 50 మంది వచ్చి, ఒక్కొక్కరు 5 పేజీలు చూసి, పేజీ 2 ఎంబీ అనుకుంటే రోజుకు 500 ఎంబీ. నెలకు 15 జీబీ. దీనికి చిన్న షేర్డ్ హోస్టింగ్ ప్లాన్ చాలు. షేర్డ్ అంటే ఒక పెద్ద సర్వర్‌లో చాలామంది సైట్లు కలిసి ఉండటం, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ లాగా. పక్కవాళ్లు ఎక్కువ నీళ్లు వాడితే మనకు తగ్గినట్టు, అప్పుడప్పుడు నెమ్మదిస్తుంది. అంతకంటే పెద్దది వీపీఎస్. సర్వర్‌లో మనకంటూ విడిగా ఒక భాగం ఇస్తారు, కానీ దాన్ని చూసుకునే మనిషి కావాలి. మీకు ఇప్పుడు అవసరం లేదు.

అన్‌లిమిటెడ్ అనే మాటను పట్టించుకోవద్దు. సర్వర్ హార్డ్ డిస్క్‌కు హద్దు ఉంది, ప్రాసెసర్‌కు హద్దు ఉంది. నిబంధనల పేజీలో ఎన్ని ఫైళ్ల దాకా, ఎంత ప్రాసెసర్ దాకా అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను సపోర్ట్‌లో ఉండి రోజూ చూసేది ఇదే: అన్‌లిమిటెడ్ అని కొన్న సైట్ పండగ ఆఫర్ రోజు ఆగిపోతుంది, కస్టమర్ ఫోన్‌లో ఏడుస్తాడు. వాళ్ల తప్పేమీ ఉండదు, ఎవరూ ముందు చెప్పి ఉండరు.

సర్వర్ మన దేశంలో ఉండేలా చూసుకోండి. ముంబైలో డేటా సెంటర్లు చాలా ఉన్నాయి. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లో కూడా తెరిచింది. అమెరికా సర్వర్ అయితే ప్రతి అడుగుకూ సముద్రం దాటి పోయి రావాలి, ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. పేజీ తెరవడానికి అలాంటి రాకపోకలు ఎన్నో ఉంటాయి. మీ కొనుగోలుదారులు బెంగళూరు, చెన్నై, పుణె, కొచ్చిలో ఉన్నప్పుడు ఆ దూరం ఎందుకు?

ఫొటోలు మీరే మార్చుకోవాలంటే వర్డ్‌ప్రెస్ పెట్టించుకోండి. అది సైట్‌లోని పేజీలు, ఫొటోలు మనమే మార్చుకునే సాఫ్ట్‌వేర్, ఉచితం. అయితే అప్‌డేట్లు చేస్తూ ఉండాలి, వదిలేస్తే హ్యాకర్లకు దారి ఇచ్చినట్టే. నెలకోసారి సైట్ మొత్తం బ్యాకప్ దించి ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకోండి. హోస్టింగ్ కంపెనీ బ్యాకప్ కూడా ఉంటుంది, కానీ అది ఒక్కటే ఉంటే చాలదు.

కడప మాస్టారు
మంగళవారం, రాత్రి 8:20

సాంకేతిక విషయాలు నాకు అంతగా రావు గానీ పేరు గురించి ఒక మాట చెప్పవచ్చా? పేరులో ఊరి పేరు పెట్టాలనుకుంటే ఏ స్పెల్లింగ్ పెడతావమ్మా? మన కడప పేరును ఇంగ్లిషులో 2005లో మార్చారు. అంతకుముందు బ్రిటిష్ కాలం నాటి స్పెల్లింగ్ సీతో మొదలై రెండు డీలు, చివర హెచ్‌తో ఉండేది. ఇప్పుడు కేతో మొదలవుతుంది. ఊరి పేరు మారింది గానీ రాయి పేరు మారలేదు. బయటి మార్కెట్‌లో మన రాయిని ఇప్పటికీ పాత స్పెల్లింగ్‌తోనే పిలుస్తారు. ఇక ముంబై, పుణె వైపు వంటింటి గట్టు మీద వేసే నల్ల బండను కడప్పా అంటారు, ఒక పీ ఎక్కువ. మా అబ్బాయి పుణెలో ఇల్లు కట్టుకుంటుంటే అక్కడి మేస్త్రీ "కడప్పా వేయమంటారా" అని అడిగాడు. మా ఊరి పేరు ఒక రాయి పేరుగా అతని నోట విని నాకు ఎంత సంతోషం కలిగిందో!

అనంత గానుగ
మంగళవారం, రాత్రి 9:00

మాస్టారు గారు చెప్పింది అసలైన చిక్కు. మాది అనంతపురంలో వేరుశనగ నూనె గానుగ. మేము మొదట ఊరి పేరుతో డొమైన్ తీసుకున్నాం. ఇంగ్లిషులో చివర పూర్ అని రాయాలా, పురం అని రాయాలా, మధ్యలో టీకి హెచ్ ఉండాలా అని ఫోన్‌లో ప్రతి కస్టమర్‌కూ అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చేది. మధ్యలో ఒక గీత కూడా పెట్టాం, అదింకా కష్టం. చివరికి మా గానుగ పేరుతోనే చిన్న పేరు తీసుకున్నాం. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు సరిగ్గా టైప్ చేయాలి. పేరు మంచిదో కాదో చూడటానికి నాకు తెలిసిన పరీక్ష ఇదే. ఊళ్లో నలుగురికి ఫోన్ చేసి చెప్పి, ఏం రాసుకున్నారో అడగండి.

కర్నూలు సర్వర్
మంగళవారం, రాత్రి 9:35

అదే నా మాట కూడా. డొమైన్ మీ ఫ్యాక్టరీ పేరుతో తీసుకోండి. రాయి పేరు మూడు స్పెల్లింగుల్లోనూ పేజీల లోపల రాయండి, గూగుల్‌లో ఎవరు ఎలా వెతికినా దొరుకుతుంది. దాని కోసం మూడు డొమైన్లు కొనక్కర్లేదు.

డాట్ కామ్ తీసుకోవాలా, డాట్ ఇన్ తీసుకోవాలా అని అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. డాట్ ఇన్ మన దేశానిది. నిక్సీ అనే సంస్థ చూసుకుంటుంది, 2005 నుంచి ఎవరైనా తీసుకోవచ్చు. గూగుల్‌లో రెండింటికీ పెద్ద తేడా లేదు. విదేశాలకు పంపే ఆలోచన ఉంటే కామ్, లేకపోతే ఇన్. వీలైతే రెండూ తీసుకుని ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. జనం అలవాటుగా కామ్ అని కొడతారు. అది వేరేవాళ్ల చేతిలో ఉంటే మీ కస్టమర్ అక్కడికి పోతాడు.

కడప మాస్టారు
మంగళవారం, రాత్రి 9:50

తెలుగులోనే పేరు పెట్టుకునే వీలుందని విన్నాను. నిజమేనా బాబూ?

కర్నూలు సర్వర్
మంగళవారం, రాత్రి 10:10

నిజమే మాస్టారూ. తెలుగు లిపిలో డాట్ భారత్ ఉంది. చుక్కకు ముందూ వెనకా రెండూ తెలుగులో రాయవచ్చు. లోపల కంప్యూటర్ దాన్ని ఎక్స్, ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాలుగా మార్చుకుంటుంది, మనకు తెలుగే కనిపిస్తుంది. ఇబ్బంది ఒక్కటే. కొచ్చి బిల్డర్ తెలుగు టైప్ చేయలేడు. కొన్ని చోట్ల ఆ పేరుతో మెయిల్ కూడా సరిగ్గా పోదు. కాబట్టి అదొక్కటే పెట్టుకోకుండా, ఇంగ్లిషు పేరుకు తోడుగా పెట్టుకోవచ్చు. నాకు వ్యక్తిగతంగా చాలా ఇష్టం. మన పత్రికలు, గ్రంథాలయాలు, బడులు వాడితే చూడాలని ఉంది.

అనంత గానుగ
బుధవారం, ఉదయం 6:40

మెయిల్ మాట ఎవరూ ఎత్తలేదు. మేము హోస్టింగ్ మార్చినప్పుడు రెండు రోజులు మెయిళ్లు రాలేదు. సైట్ బాగానే ఉంది, అందుకని గమనించలేదు. ఆ రెండు రోజుల్లో వచ్చిన ఒక పెద్ద ఆర్డర్ మెయిల్ మాకు అందలేదు. ఎందుకలా అవుతుందో సర్వర్ అన్న చెబితే చెల్లెలికి ముందే తెలుస్తుంది.

కర్నూలు సర్వర్
బుధవారం, ఉదయం 9:15

డొమైన్‌కు ఒక చిన్న చిట్టా ఉంటుంది, డీఎన్ఎస్ అంటారు. పేరు అడిగినవాళ్లకు ఎక్కడికి పోవాలో ఆ చిట్టా చెబుతుంది. అందులో ఇంగ్లిషు అక్షరం 'ఏ' పేరుతో ఉండే వరుస (ఏ రికార్డు) సైట్ ఉన్న సర్వర్ నంబరు చెబుతుంది. ఎంఎక్స్ అనే వరుస మెయిల్ ఎక్కడ దించాలో చెబుతుంది. అంటే సైట్ ఒకచోట, మెయిల్ ఇంకోచోట ఉండవచ్చు. హోస్టింగ్ మార్చేటప్పుడు చాలామంది ఆ చిట్టాను ఉంచే నేమ్‌సర్వర్లనే మార్చేస్తారు. అప్పుడు చిట్టా మొత్తం కొత్త చోటికి పోతుంది. కొత్త చిట్టాలో ఎంఎక్స్ వరుస రాయకపోతే మెయిళ్లకు దారి ఉండదు. మీకు జరిగింది అదే అన్నా. మార్చే ముందు పాత చిట్టా మొత్తం ఫొటో తీసి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంకో రెండు వరుసలు ఉన్నాయి, ఎస్పీఎఫ్, డీకిమ్. మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్‌కు ఉందో అవి చెబుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంటోంది, అవి లేని మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయి, లేదా తిరిగి వస్తాయి. సైట్ చేసే అతనితో ఇవి రాయించుకోండి. పది నిమిషాల పని.

మెయిల్ ఐడీలు ఐదెందుకు? మీరు, నాన్నగారు. రెండు చాలు.

ప్రొద్దుటూరు పద్దులు
బుధవారం, ఉదయం 10:05

దీనికి తోడు ఒక హెచ్చరిక. వ్యాపారుల మెయిల్‌ను పోలిన మెయిల్‌తో "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఖాతాకు పంపండి" అని కొనుగోలుదారులకు రాసే మోసం ఉంది. ఒక్క అక్షరం తేడాతో డొమైన్ కొని చేస్తారు. మీ ఇన్‌వాయిస్ కింద "ఖాతా మార్పు ఫోన్ చేసి చెప్పకుండా జరగదు" అని ఒక వాక్యం వేయించండి. పొరపాటున ఎవరైనా డబ్బు పంపితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ పోలిక మోసాల వల్లే రిజర్వ్ బ్యాంక్ మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబర్ 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారమంది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థది. బ్యాంకు కాని వాళ్లకు ఆ పేరు దొరకదు.

ధర్మవరం మగ్గం
బుధవారం, ఉదయం 11:30

డొమైన్ కొన్నాక నీకు రెన్యువల్ అని బిల్లు లాంటి మెయిళ్లు వస్తాయి చెల్లీ. అవన్నీ నీ కంపెనీ నుంచి కావు. ఒకసారి నాకు ఏ సంబంధం లేని కంపెనీ నుంచి 7,500 కట్టమని వచ్చింది. కట్టబోయాను, మా పాప ఆపింది. మెయిల్‌లో లింక్ నొక్కకుండా, నీ అకౌంట్‌లోకి నేరుగా లాగిన్ అయి గడువు తేదీ చూసుకో. గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీకి నెల ముందే గుర్తు పెట్టుకో. మేమైతే ఇప్పుడు ఒకేసారి ఐదేళ్లకు కట్టేశాం.

ఎర్రగుంట్ల బండలు
శుక్రవారం, రాత్రి 8:10

ఈరోజు అతను ఫ్యాక్టరీకి వచ్చాడు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. డొమైన్, హోస్టింగ్ మేమే కొంటాం, మీకు డిజైన్ 18,000 ఇస్తాం అన్నాను. "అలా ఎవరూ చేయరు మేడం" అన్నాడు. నాన్న ఒకే మాట అడిగారు: "రేపు నువ్వు ఊళ్లో లేకపోతే నా పేరు ఎవర్ని అడగాలి?" అతను కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. నిజానికి అతనికీ అది తేలికే, రెన్యువల్ బాధ్యత తన మీద ఉండదు కదా.

సాయంత్రం నేనూ, మా పెదనాన్న కొడుకూ కూర్చుని డొమైన్ తీసుకున్నాం. ఫ్యాక్టరీ పేరుతో కామ్, ఇన్ రెండూ దొరికాయి. ఊళ్లో నలుగురికి ఫోన్ చేసి చెప్పి చూశాం, ముగ్గురు సరిగ్గా రాసుకున్నారు. నాలుగో అతను మా మేస్త్రీ, ఆయన తెలుగులో రాసుకున్నాడు. హోస్టింగ్ ముంబై సర్వర్‌ది ఒక ఏడాదికే తీసుకున్నాం. అన్నీ కలిపి జీఎస్టీతో 6,000 లోపే అయ్యాయి. బిల్లు ఫ్యాక్టరీ పేరు మీద వచ్చింది.

కర్నూలు సర్వర్
శుక్రవారం, రాత్రి 8:30

చాలా సంతోషం. ఒక పని వెంటనే చేయండి. డొమైన్ కంపెనీ నుంచి మెయిల్ ఐడీ నిర్ధారించమని ఒక మెయిల్ వచ్చి ఉంటుంది. 15 రోజుల్లోగా అది నొక్కకపోతే డాట్ కామ్‌ను ఆపేస్తారు. స్పామ్‌లో కూడా చూడండి. అకౌంట్‌లో ట్రాన్స్‌ఫర్ లాక్ (పేరు వేరే కంపెనీకి మారకుండా ఆపేది) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. డొమైన్‌ను వేరే కంపెనీకి మార్చడానికి పనికొచ్చే కోడ్ ఒకటి ఉంటుంది, నంబరు పోర్ట్ చేసేటప్పుడు వచ్చే కోడ్ లాంటిదే. అది ఎవరికీ చెప్పవద్దు. సైట్ చేసే అతనికి హోస్టింగ్ లాగిన్ చాలు, డొమైన్ లాగిన్ ఇవ్వనక్కర్లేదు.

ఎర్రగుంట్ల బండలు
శుక్రవారం, రాత్రి 8:55

స్పామ్‌లోనే ఉంది అన్నా! ఇప్పుడే నొక్కాను.

ఎర్రగుంట్ల బండలు
తర్వాతి గురువారం, సాయంత్రం 6:20

అన్నా, కొంచెం టెన్షన్‌గా ఉంది. అతను మొదటి పేజీ పెట్టాడు. ఏ రికార్డు నేనే మార్చాను. నా ఫోన్‌లో సైట్ వస్తోంది, నాన్న ఫోన్‌లో ఇంకా పాత ఖాళీ పేజీయే వస్తోంది. ముందు డబ్ల్యూలు మూడు పెట్టి కొడితే ఎవరి ఫోన్‌లోనూ రావడం లేదు.

కర్నూలు సర్వర్
తర్వాతి గురువారం, సాయంత్రం 6:45

మొదటిదానికి కంగారు వద్దు. నాన్నగారి నెట్‌వర్క్ పాత జవాబును గుర్తుపెట్టుకుంది. చిట్టాలో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, ఎన్ని సెకన్ల దాకా గుర్తుపెట్టుకోవచ్చో చెప్పేది. 14400 ఉంటే నాలుగు గంటలు. ఆ సమయం అయ్యాక మళ్లీ అడుగుతుంది. నేమ్‌సర్వర్లు మారిస్తే ఒక్కోసారి 48 గంటల దాకా పడుతుంది.

రెండోదానికి చిట్టాలో ఇంకో వరుస కావాలి. మూడు డబ్ల్యూల పేరుతో సీనేమ్ రికార్డు పెట్టి, ఎదురుగా మీ డొమైన్ పేరు రాయండి. కంప్యూటర్‌కు ఆ రెండూ వేరు వేరు పేర్లు.

ఎర్రగుంట్ల బండలు
తర్వాతి గురువారం, రాత్రి 10:50

పెట్టాను. రెండూ తెరుచుకుంటున్నాయి, తాళం గుర్తు కూడా వచ్చింది. నాన్న ఫోన్‌లో పదిన్నరకు వచ్చింది. అప్పటిదాకా పడుకోలేదు. మొదటి పేజీలో మా యార్డు ఫొటో ఉంది, కొత్తగా పాలిష్ అయిన నల్ల బండలు వరుసగా నిలబెట్టినవి. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఎడమ పక్క మూడో బండకు అంచు విరిగింది, ఈ ఫొటో మార్చు" అన్నారు. రేపు పొద్దున ఎండ ఎక్కక ముందే మళ్లీ తీస్తాను. తర్వాత కొచ్చి ఆయనకు లింక్ పంపిస్తాను.